చేతి నరాల గాయాలు: చికిత్సా మార్గాలు

తెగిన నరం తిరిగి పెరిగే వేగం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు. నెలకు మూడు సెంటీమీటర్లు. మెడ పక్కన నరం దెబ్బతిన్న మనిషికి అక్కడి నుంచి అరచేతి కండరాల దాకా ఉన్న దూరం డెబ్బై సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అన్నీ సక్రమంగా జరిగినా ఆ నరం అరచేతిని చేరేసరికి రెండేళ్లు పడుతుంది. కండరం అంతకాలం ఆగదు. నరంతో సంబంధం పోయిన కండరం నెలనెలా చిక్కిపోతూ, ఏడాది, ఏడాదిన్నర తిరిగేసరికి నరం వచ్చి తాకినా కదలలేని పీచుగా మారిపోతుంది. చేతి నరాలకు ఇవాళ ఉన్న శస్త్రచికిత్సలన్నీ దాదాపు ఈ లెక్కతో చేసే పోరాటాలే. నరం ప్రయాణించాల్సిన దూరం తగ్గించడం, దాని వేగం పెంచడం, పనికిరాకుండా పోయిన కండరం బదులు మరో కండరాన్ని పనిలో పెట్టడం అన్నవి ఇందులోని దారులు. ఏ రోగికి ఏ దారి దొరుకుతుందన్నది గాయం ఎంత తీవ్రమైనదన్న దానిమీద ఎంత ఆధారపడుతుందో, ఆ రోగి ఎన్నో నెలలో డాక్టరు దగ్గరికి వచ్చాడన్న దానిమీదా అంతే ఆధారపడుతుంది.

మూడు నరాలు, మూడు రకాల లోటు

మెడ భాగంలో నాలుగు, ఛాతీ మొదట్లో ఒకటి, మొత్తం అయిదు నరాల మూలాలు వెన్నుపాము నుంచి బయటికి వచ్చి, కాలర్ ఎముక వెనక ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. ఈ అల్లికే బ్రాకియల్ ప్లెక్సస్. చేతి కదలికలూ స్పర్శా దాదాపు అన్నీ దీని గుండానే నడుస్తాయి. దీని నుంచి చేతిలోకి దిగే నరాల్లో ముఖ్యమైనవి మూడు.

మీడియన్ నరం మణికట్టు మధ్యనుంచి అరచేతిలోకి వెళ్తుంది. బొటనవేలికి, చూపుడు వేలికి, మధ్య వేలికి స్పర్శ ఇచ్చేది ఇదే. బొటనవేలిని మిగతా వేళ్లకు ఎదురుగా తెచ్చే శక్తీ దీనిదే. ఇది పోతే చొక్కా గుండీ పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, చిల్లర ఏరుకోవడం కుదరవు. అల్నార్ నరం మోచేతి వెనక ఎముకను ఆనుకుని వెళ్తుంది. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమనిపించేది అదే. అరచేతిలోని చిన్న కండరాల్లో ఎక్కువ భాగం దాని అధీనంలో ఉంటాయి. అది దెబ్బతింటే ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి వంగి అలాగే ఉండిపోతాయి, వేళ్లు దగ్గరికి రావు, అన్నం కలిపి ముద్ద చేయడం కష్టమవుతుంది. రేడియల్ నరం మణికట్టును, వేళ్లను పైకి లేపుతుంది. అది పోయిన చేయి మణికట్టు దగ్గర కిందికి వేలాడుతుంది. అలా వేలాడే మణికట్టుతో పిడికిలి బిగించినా పట్టు ఉండదు. వేళ్లను ముడిచే కండరాలు బాగున్నా రోగికి చేయి మొత్తం పడిపోయినట్టే అనిపించడానికి కారణమిదే.

దెబ్బల్లో తేడాలు

నరాన్ని మందపాటి కరెంటు కేబుల్‌తో పోల్చవచ్చు. లోపల వేల సంఖ్యలో సన్నని తీగలు, వాటిని కట్టలుగా చుట్టిన తొడుగులు, అన్నిటికీ పైన మరో తొడుగు ఉంటాయి. దెబ్బకు ఏది తెగింది, ఏది మిగిలింది అన్న ప్రశ్న మీదే చికిత్స నిర్ణయం నిలబడుతుంది. 1943లో బ్రిటిష్ సర్జన్ హెర్బర్ట్ సెడన్ ఈ దెబ్బల్ని మూడు తరగతులు చేశాడు. మొదటిదాంట్లో తీగలు తెగవు, సంకేతం మాత్రం కొంతకాలం ఆగుతుంది. కుర్చీ వీపు మీద చేయి వేసి గాఢంగా నిద్రపోయిన మనిషికి తెల్లారేసరికి మణికట్టు లేవకపోవడం ఇలాంటిదే. సాధారణంగా కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. రెండో తరగతిలో తీగలు తెగుతాయి కానీ తొడుగులు మిగిలి ఉంటాయి. పెరిగే తీగలకు పాత దారి దొరుకుతుంది కనుక చాలావరకు కోలుకుంటుంది. మూడోదాంట్లో అన్నీ తెగిపోతాయి. సర్జన్ చేయి పడకుండా అది కోలుకోదు. 1951లో ఆస్ట్రేలియాకు చెందిన సిడ్నీ సండర్లండ్ దీన్ని అయిదు మెట్లుగా విడగొట్టాడు. బయటికి నరం ఒకే ముక్కగా కనిపిస్తూ లోపలంతా మచ్చకట్టి మూసుకుపోయిన రకాన్ని వేరుగా గుర్తించడానికి ఆ విభజన ఉపయోగపడింది.

తెగిన చోటికి అవతల ఏం జరుగుతుందో అంతకు ఒక శతాబ్దం ముందే తెలిసింది. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలు కోసి, కోతకు అవతలి భాగం క్రమంగా ముక్కలై కరిగిపోతుందని చూపించాడు. ఇవతలి భాగం బతికే ఉంటుంది. మళ్లీ మొలిచేది అక్కడినుంచే. కనుక తెగిన రెండు కొసల్ని కలిపి కుట్టినంత మాత్రాన కరెంటు వెంటనే రాదు. కుట్టు వేసేది కొత్త తీగలు పాత తొడుగుల్లోకి దారి తప్పకుండా వెళ్లడానికే. ఆపరేషన్ అయిన వారానికి వేలు కదల్లేదని నిరాశపడే కుటుంబానికి ఈ ఒక్క విషయం ముందే చెబితే చాలా ఆందోళన తగ్గుతుంది.

ఆగాలా, కోయాలా

నరానికి ఏమైందో తేల్చడానికి మొదటి పనిముట్లు డాక్టరు వేళ్లు, ఒక దూది పోగు, ఒక గుండుసూది. ఆ తర్వాత నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో కొలిచే నెర్వ్ కండక్షన్ పరీక్ష, కండరంలోకి సన్నని సూది పెట్టి దాని విద్యుత్ చలనాన్ని చూసే ఈఎంజీ చేస్తారు. దెబ్బ తగిలిన మర్నాడే ఈఎంజీ చేయించుకుంటే ప్రయోజనం తక్కువ. కండరం నరాన్ని కోల్పోయిందని చెప్పే సంకేతాలు కనబడటానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఈమధ్య అల్ట్రాసౌండ్ బాగా మెరుగుపడి నరం తెగిందా, నలిగిందా, ఎక్కడ ఉబ్బిందీ నేరుగా చూపిస్తోంది. నరం వెంట వేలితో తడుతూ పోతే, పెరుగుతున్న తీగల కొస దగ్గర జివ్వుమంటుంది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఫ్రెంచ్ వైద్యుడు జూల్ టినెల్ వివరించిన ఈ గుర్తుకు యంత్రం అక్కర్లేదు. నెలనెలా ఆ జివ్వుమనే చోటు కిందికి జరుగుతుంటే నరం దారిలో ఉన్నట్టే.

శస్త్రచికిత్స ఎప్పుడన్న దానికి సర్జన్లు విద్యార్థులకు చెప్పే సూత్రం మూడు చుట్టూ తిరుగుతుంది. గాజు, కత్తి లాంటి పదునైన వస్తువుతో శుభ్రంగా తెగితే మూడు రోజుల్లోపు. చిరిగి నలిగిన గాయమైతే మూడు వారాలకు, ఎంతవరకు పాడైందో తేలాక. చర్మం చీలకుండా లోపలే దెబ్బతింటే, కోలుకునే గుర్తులు లేనప్పుడు మూడు నెలలకు. ఈ మూడో వర్గంలో ఓపిక ఫలిస్తుందనడానికి దండచేతి ఎముక విరగడం మంచి ఉదాహరణ. ఆ ఎముకను చుట్టుకుని వెళ్లే రేడియల్ నరం, ఎముక నడిమి భాగం విరిగినవాళ్లలో నూటికి పన్నెండుగురికి దెబ్బతింటుంది. వాళ్లలో నూటికి దాదాపు ఎనభై ఎనిమిది మంది చివరికి కోలుకుంటారని 2005లో వచ్చిన ఒక సమీక్ష లెక్క తేల్చింది. ఆ నిరీక్షణ కాలంలో మణికట్టును పైకి నిలిపి ఉంచే స్ప్లింట్ వేసుకోవడం, కీళ్లు బిగుసుకోకుండా రోజూ రెండో చేత్తో వేళ్లు వంచి చాచడం తప్పనిసరి. నరం తిరిగి వచ్చేనాటికి కీలు బిగిసిపోయి ఉంటే ఆ నరం వచ్చి చేసేదేమీ ఉండదు.

పదును గాయాల్లో మాత్రం ఓపిక నష్టమే. మణికట్టు మీద గాజు కోసుకున్నప్పుడు, గాలిపటం మాంజా చుట్టుకున్నప్పుడు చర్మం మీద కనబడే గాయం చిన్నది. రక్తం ఆగింది, నాలుగు కుట్లు పడ్డాయి, ఇంటికి పంపారు. నెల తర్వాత వేలికి వేడి తగిలినా తెలియడం లేదని గమనిస్తారు. మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే ప్రతి వేలి కొనకూ స్పర్శ ఉందో లేదో చూడటం, బొటనవేలిని చిటికెన వేలికి తాకించమనడం, వేళ్లు వెడల్పుగా చాపమనడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు తర్వాతి రెండేళ్లను ఆదా చేస్తాయి. కాలు చేయి విరిగినప్పుడు బిగుతుగా వేసిన కట్టుదీ ఇలాంటి కథే. కట్టు కింద వాపు పెరిగి రక్తప్రసారం ఆగితే గంటల్లోనే నరాలూ కండరాలూ చచ్చిపోతాయి. 1881లో రిచర్డ్ ఫోక్‌మన్ వర్ణించిన వంకర చేయి అలా ఏర్పడుతుంది. కట్టు తర్వాత నొప్పి తగ్గకపోగా పెరుగుతుంటే, వేళ్లు చాస్తే భరించలేకపోతుంటే, కట్టు ఎవరు వేసినా సరే, అర్ధరాత్రయినా సరే, దాన్ని విప్పించాలి.

నొక్కుకుపోయిన నరాలు

గాయమంటే తెగడమే కాదు. మణికట్టు దగ్గర ఎముకల మీదుగా ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాని కింది ఇరుకు దారిలో వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల)తోపాటు మీడియన్ నరం దూరి వెళ్లాలి. ఆ దారి కాస్త వాచినా నరం నలుగుతుంది. రాత్రి నిద్రలో చేయి తిమ్మిరెక్కి లేచి, చేతిని విదిలించుకుంటే తగ్గే కార్పల్ టన్నెల్ సమస్య ఇదే. గర్భిణులలో, మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లలో ఎక్కువ కనబడుతుంది. 1950లలో క్లీవ్‌లండ్‌కు చెందిన జార్జ్ ఫేలెన్ దీని గురించి వరసగా రాసి వైద్యలోకానికి పరిచయం చేశాడు.

దీని చికిత్స మెట్లుమెట్లుగా సాగుతుంది. మొదట రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్, తర్వాత ఆ దారిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అప్పటికీ తగ్గకపోయినా, బొటనవేలి మొదట్లో కండ చిక్కుతున్నా ఆ పట్టీని కోసి దారి వెడల్పు చేస్తారు. చిన్న కోతతో నేరుగానైనా చేస్తారు, కెమెరా గొట్టంతోనైనా చేస్తారు. కెమెరా పద్ధతిలో పనికి తిరిగి వెళ్లడం కొంచెం తొందరగా అవుతుంది. చివరి ఫలితం రెండింటిలోనూ ఒకటే. కండ పూర్తిగా చిక్కిపోయాక ఆపరేషన్ చేయించుకుంటే తిమ్మిరి తగ్గుతుందేమో గానీ బలం రాకపోవచ్చు. మోచేతి వెనక అల్నార్ నరం నలిగినప్పుడూ ఇదే న్యాయం. గంటల తరబడి మోచేయి మడిచి ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటు మానడం ఆ చికిత్సలో మొదటి మెట్టు.

కుట్టు, అతుకు

నరాన్ని కుట్టడం పాత ఆలోచనే. అది నిజంగా ఫలించింది మాత్రం ఆపరేషన్ గదిలోకి మైక్రోస్కోపు వచ్చాక. వేళ్ల నరాలు కుట్టే దారం మందం మిల్లీమీటరులో సుమారు నలభయ్యో వంతు, తలవెంట్రుక కన్నా సన్నం. అయినా దారం కన్నా ముఖ్యమైన సంగతి ఒకటి వియన్నా సర్జన్ హన్నో మిలేసి తేల్చాడు. రెండు కొసల మధ్య ఎడం ఉన్నప్పుడు వాటిని లాగి బలవంతంగా కలిపితే ఆ బిగువుకే నరం మచ్చకడుతుంది. అలా లాగడం కంటే మధ్యలో మరో నరం ముక్కను వదులుగా అతికితే ఫలితం మెరుగు. 1970ల తొలినాళ్ల నుంచి అదే ప్రమాణమైంది. అతుకు కోసం ఎక్కువగా తీసేది కాలి పిక్క వెనకనుంచి వెళ్లే సూరల్ నరం. అది తీస్తే పాదం బయటి అంచున కొంత మేర మొద్దుబారుతుంది. నడక చెడదు.

ఎడం మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, అదీ స్పర్శ నరమైతే, కొలాజెన్ వంటి పదార్థాలతో చేసిన సన్నని గొట్టంలో రెండు కొసలూ పెట్టి నరాన్ని లోపల పెరగనిస్తారు. మరణానంతరం దానమిచ్చిన మనుషుల నరాల నుంచి కణాలన్నీ తొలగించి తయారుచేసిన అతుకులూ కొన్ని దేశాల్లో వాడుకలో ఉన్నాయి. వాటి ఖరీదు మన దేశపు సామాన్య రోగికి అందదు. పెద్ద ఎడానికి, ముఖ్యమైన కదలిక నరానికి ఇప్పటికీ సొంత కాలి నరానిదే పైచేయి.

మెడ దగ్గర ఊడిన మూలాలు

బైకు మీదనుంచి ఎగిరి భుజం మీద పడినప్పుడు తల ఒకవైపు, భుజం మరోవైపు లాగుకుంటాయి. ఆ లాగుడుకు బ్రాకియల్ ప్లెక్సస్ చిరుగుతుంది, కొన్నిసార్లు నరాల మూలాలు వెన్నుపాము నుంచే ఊడిపోతాయి. భారతదేశంలో ఈ గాయంతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ద్విచక్ర వాహనాలు నడిపే యువకులు. హెల్మెట్ తలను కాపాడుతుంది గానీ ఈ నరాలను కాపాడలేదు. బతికి బయటపడ్డ కుర్రాడికి పక్కటెముకలు, కాళ్లు బాగయ్యేసరికి నెలలు గడుస్తాయి. వేలాడుతున్న చేయి దానంతటదే వస్తుందనుకుంటూ, మాలిష్ చేయిస్తూ ఇంట్లోవాళ్లు ఇంకొన్ని నెలలు గడిపేస్తారు. ఈ వ్యాసంలోని మిగతా విషయాలన్నీ మరిచినా గుర్తుంచుకోవాల్సింది ఇది. భుజం పడిపోయిన చేతిని మూడో నెల దాటకుండా నరాల శస్త్రచికిత్స తెలిసిన డాక్టరుకు చూపించాలి. ఆరు నెలల్లోపు చేసిన ఆపరేషన్‌కూ ఏడాది దాటాక చేసిన దానికీ ఫలితంలో పొంతన ఉండదు.

వెన్నుపాము నుంచి ఊడిన మూలాన్ని తిరిగి కుట్టి పని చేయించే పద్ధతి మామూలు వాడుకలోకి రాలేదు. సర్జన్లు మరో దారి వెతికారు. పనిచేస్తున్న నరాల్లో తక్కువ అవసరమైన దాన్ని కోసి, పడిపోయిన కండరం నరానికి కలపడం. దీన్నే నరమార్పిడి అంటారు. 1994లో ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ ఒబెర్లాన్ చూపించిన పద్ధతి ఇందులో మకుటం లాంటిది. పైమూలాలు మాత్రమే పోయి అరచేయి బాగున్న రోగిలో, పనిచేస్తున్న అల్నార్ నరంలోంచి దాదాపు పదో వంతు పోగును విడదీసి, పక్కనే ఉన్న బైసెప్స్ కండరం నరానికి కలిపాడు. రెండు నరాలూ దండచేతిలో పక్కపక్కనే ఉంటాయి కనుక దూరం కొన్ని సెంటీమీటర్లకు కుంచించుకుపోయింది. ఏడాదిన్నర నిరీక్షణ కొన్ని నెలలకు తగ్గింది. అరచేతికి గుర్తించదగ్గ లోటూ రాలేదు. భుజం ఎత్తడానికి ట్రైసెప్స్ నరం శాఖను ఆక్సిలరీ నరానికి కలిపే పద్ధతిని థాయిలాండ్ సర్జన్లు 2003లో ప్రకటించారు. రెండూ కలిపి చేయడం ఇప్పుడు ఎన్నో కేంద్రాల్లో మామూలు.

అయిదు మూలాలూ పోతే చేతిలో అరువు తీసుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు ఛాతీ పక్కటెముకల మధ్య నరాల్ని, మెడకు వెళ్లే నరాన్ని చేతిలోకి మళ్లిస్తారు. పక్కటెముకల నరాలు పెట్టినవాళ్లు మొదట్లో గట్టిగా ఊపిరి పీలిస్తే గానీ మోచేయి వంగదు. నెలల సాధన తర్వాత మెదడు సర్దుకుని, ఊపిరితో పని లేకుండానే చేయి వంచడం నేర్చుకుంటుంది. ఇంకా సాహసం చేసింది షాంఘై సర్జన్ గు యుదాంగ్. 1986లో ఆయన బాగున్న రెండో చేతి వైపునుంచి ఏడో మెడ మూలాన్ని కోసి, ఛాతీ మీదుగా ఇటువైపుకు తెచ్చాడు. ఆ మూలం పోయినా పక్క మూలాలు దాని పని అందుకుంటాయి కనుక మంచి చేతికి కొన్నాళ్ల తిమ్మిరి తప్ప శాశ్వత నష్టం సాధారణంగా ఉండదు. అదే ఆస్పత్రి బృందం 2018లో ఇదే ఆపరేషన్‌ను పక్షవాతంతో అయిదేళ్లకు పైగా చేయి బిగిసిపోయినవాళ్లకు చేసి, కదలిక మెరుగుపడిందని చూపించింది. ఆ ప్రయోగంలో ఉన్నది ముప్ఫై ఆరుగురే. అయినా దెబ్బ తగిలింది నరానికి కాదు, మెదడుకు అన్నచోట కూడా నరమార్పిడికి పనుందని తేలింది.

ఆలస్యమై కండరాలే చచ్చిపోతే తొడ లోపలివైపు గ్రాసిలిస్ కండరాన్ని దాని రక్తనాళాలు, నరంతో సహా తీసి చేతిలో అమర్చడం ఒక దారి. జపాన్‌కు చెందిన కజుతెరు దోయి రెండు తొడల నుంచీ రెండు కండరాలు తెచ్చి మోచేయి వంపు, వేళ్ల పట్టు రెండూ ఇవ్వాలని చూశాడు. కోయంబత్తూరులోని గంగా ఆస్పత్రి లాంటి చోట్ల ఇలాంటి కేసులు పెద్ద సంఖ్యలో చూస్తారు. తెలుగు జిల్లాల నుంచీ రోగులు అక్కడికి, వెల్లూరుకూ వెళ్తుంటారు.

కాన్పు సమయంలో బిడ్డ భుజం ఇరుక్కుని లాగినప్పుడు కూడా ఈ బ్రాకియల్ ప్లెక్సస్ సాగిపోవచ్చు. జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ 1859లో ఎదురుకాళ్లతో పుట్టి ఎడమ చేయి ఇలా పోగొట్టుకున్నాడు. అప్పుడే చంపిన కుందేలు వెచ్చని దేహంలో ఆ చేతిని చుట్టి ఉంచడం, కరెంటు పెట్టడం, పనిచేసే కుడి చేతిని కట్టేయడం ఆనాటి చికిత్సలు. చేయి బాగుపడలేదు. ఇవాళ చేసేది పసివాడి కీళ్లను తల్లే రోజూ మెల్లగా కదిలించడం, నెలనెలా పరీక్ష. ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. మూడు నుంచి ఆరు నెలల మధ్య కూడా మోచేయి వంచలేని బిడ్డకు శస్త్రచికిత్స ఆలోచిస్తారు.

వెల్లూరు పాఠం

నరం తిరిగి రాదని తేలిపోయిన చేతికి కూడా చికిత్స ఉందని ప్రపంచానికి గట్టిగా చూపించినచోటు తెలుగు నేలకు ఆనుకునే ఉంది. 1940ల చివర వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సర్జన్‌గా ఉన్న పాల్ బ్రాండ్, చెంగల్పట్టు కుష్ఠు శరణాలయానికి వెళ్లాడు. వేళ్లు వంకరపోయిన ఒక రోగి చేయి అందుకున్నప్పుడు ఆ పట్టు ఆయన్ను నొప్పించేంత బలంగా ఉంది. పనికిరాదనుకున్న చేతిలో అంత బలం ఎక్కడిదని ఆయన వెతకడం మొదలుపెట్టాడు. కుష్ఠు క్రిమి ఇష్టపడేది చల్లని చోట్లను, చర్మానికి దగ్గరగా ఉన్న నరాలను. అల్నార్‌ను మోచేతి దగ్గర, మీడియన్‌ను మణికట్టు దగ్గర పట్టుకుంటుంది. రేడియల్ జోలికి అరుదుగా వెళ్తుంది. అందువల్ల అరచేతిలోని చిన్న కండరాలు చచ్చినా ముంజేతి పెద్ద కండరాలు బతికే ఉంటాయి.

వాటిలో ఒకదాని టెండన్‌ను కోసి, మరోచోట తీసిన టెండన్‌తో నాలుగు పాయలుగా పొడిగించి, వేళ్లకు అతికాడు బ్రాండ్. వంగిన వేళ్లు తెరుచుకున్నాయి. ఆపరేషన్ ఎంత ముఖ్యమో ఆ తర్వాత నెలల పాటు కొత్త పని నేర్పే శిక్షణా అంతే ముఖ్యమని గ్రహించి, చేయి బాగైన రోగులు వడ్రంగం లాంటి పనులు నేర్చుకునే చిన్న నివాసాన్ని కాలేజీ దగ్గరే నడిపాడు. కుష్ఠు రోగుల వేళ్లు రోగం వల్ల కుళ్లి రాలిపోవనీ, నొప్పి తెలియక వేడి గిన్నెలు పట్టుకోవడం, గాయాన్ని పట్టించుకోకపోవడం వల్ల అరిగిపోతాయనీ తేల్చింది కూడా ఆయనే. ఆ ఒక్క గ్రహింపు మందులకన్నా ఎక్కువ వేళ్లను కాపాడి ఉంటుంది.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో వాటా ఉంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన ఇసబెల్ కెర్ 1910లలోనే కుష్ఠు ఆస్పత్రి నడిపింది. 2005 చివరికి జాతీయ స్థాయిలో పదివేలకు ఒక్కరికన్నా తక్కువ అన్న మట్టానికి వ్యాధి దిగింది. అయినా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ భారతదేశానివే. మోచేతి వెనక నరం లావెక్కి నొప్పి పుట్టినా, చిటికెన వేలికి స్పర్శ తగ్గినా వెంటనే వెళ్తే, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందుల కోర్సుతోపాటు ప్రెడ్నిసొలోన్ ఇచ్చి నరం వాపును తగ్గించవచ్చు. నరం పాడై ఆరు నెలలు దాటితే ఆ మాత్రకు బలం తగ్గిపోతుంది.

టెండన్ మార్పిడి కుష్ఠుకే పరిమితం కాదు. రేడియల్ నరం పోయిన సైనికుల మణికట్టును లేపడానికి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రాబర్ట్ జోన్స్ దీన్ని స్థిరపరిచాడు. ముంజేతిని తిప్పే కండరాన్ని మణికట్టు ఎత్తడానికి, మణికట్టును వంచే కండరాల్లో ఒకదాన్ని వేళ్లు చాచడానికి మళ్లిస్తారు. నరం కుట్టుకు కాలపరిమితి ఉంది. దీనికి లేదు. కీళ్లు వదులుగా ఉంటే పదేళ్ల తర్వాతైనా చేయవచ్చు. ఆలస్యంగా వచ్చిన రోగికి ‘ఇక ఏమీ లేదు’ అని చెప్పడం అందుకే తప్పు.

నొప్పి, స్పర్శ

నరం దెబ్బతిన్న నొప్పి మామూలు నొప్పి మాత్రలకు లొంగదు. మంట, కరెంటు షాకు, బట్ట తగిలినా ఓర్వలేకపోవడం దాని లక్షణాలు. అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గాయాలు చూసిన సైలస్ వియర్ మిచెల్ తన సహచరులతో కలిసి 1864లో దీన్ని విపులంగా వర్ణించాడు. ఇప్పుడు మొదట వాడేవి గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, డులాక్సెటిన్, తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్. వీటిని డాక్టరు మెల్లగా పెంచాలి, మెల్లగా తగ్గించాలి. మూలాలు ఊడిపోయినవాళ్ల నొప్పి కొందరిలో ఏ మందుకూ లొంగకపోతే, వెన్నుపాములో ఆ మూలాలు చేరే చోటును సన్నగా కాల్చే ఆపరేషన్ ఉంది.

మన ఊళ్లలో ‘నరాల బలానికి’ అంటూ రాసే బి12 మాత్రల గురించీ ఒక మాట. బి12 లోపం నిజంగా ఉన్నవాళ్లకు అవి తప్పనిసరి. మాంసం, పాలు తీసుకోనివాళ్లలో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహ రోగుల్లో ఆ లోపం వస్తుంది. తెగిన నరాన్ని అవి అతకవు. వాటిని మింగుతూ నెలలు గడిపితే అసలు చికిత్స గడువు దాటిపోతుంది.

స్పర్శ ఎలా తిరిగి వస్తుందో తెలుసుకోవడానికి ఒక వైద్యుడు తన చేతినే ప్రయోగశాల చేసుకున్నాడు. 1903 ఏప్రిల్‌లో లండన్ నరాల వైద్యుడు హెన్రీ హెడ్, ఒక సర్జన్ చేత తన ముంజేతి స్పర్శ నరాలు కోయించుకుని మళ్లీ కుట్టించుకున్నాడు. తర్వాత నాలుగేళ్లు కేంబ్రిడ్జ్‌లో మిత్రుడు రివర్స్ దగ్గర కళ్లు మూసుకుని కూర్చుని, వేడి, చలి, గుచ్చు, దూది ఏది ఎప్పుడు తెలుస్తోందో చెప్పాడు. మొరటు నొప్పి, తీవ్రమైన వేడి చలి ముందు వచ్చాయి. ఎక్కడ తాకారో కచ్చితంగా చెప్పగల సున్నితమైన స్పర్శ చాలా ఆలస్యంగా వచ్చింది. ఆయన సిద్ధాంతంలో చాలా భాగాన్ని తర్వాతివాళ్లు కాదన్నారు, కానీ ఆ క్రమం ఇవాళ్టి చికిత్సకులకూ సుపరిచితమే.

కొత్త తీగలు కొన్ని పాత దారి తప్పి పక్క వేలికి చేరతాయి. బొటనవేలు తాకితే చూపుడు వేలు తాకినట్టు ఉంటుంది. దీన్ని సరిచేసేది శిక్షణ. రోగి మొదట చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని, నాణెం, బియ్యం గింజ, ఇసుక కాగితం, గుడ్డ గుర్తుపడుతూ మెదడుకు కొత్త పటం నేర్పుతాడు. వి.ఎస్. రామచంద్రన్ 1990లలో కోల్పోయిన చేతి నొప్పికి వాడిన అద్దం పెట్టెను స్వీడన్‌లోని మాల్మోలో బిర్గిట్టా రోసెన్, గోరన్ లుండ్‌బోర్గ్ ఈ శిక్షణకు మలిచారు. మంచి చేతిని తాకుతూ అద్దంలో దెబ్బతిన్న చేయిగా చూపిస్తే, నరం చేరేలోపే మెదడులో ఆ చేతి చోటు చెరిగిపోకుండా ఉంటుందని వాళ్ల ఆలోచన. మొద్దుబారిన చేత్తో వేడి పాత్ర పట్టుకోకుండా గుడ్డ వాడటం, నీళ్ల వేడిని రెండో చేత్తో చూడటం, రోజూ రాత్రి వేళ్లు వెలుగులో చూసుకుని బొబ్బ, గీత ఉన్నాయేమో వెతకడం ఇంట్లో చేయాల్సిన పని.

వేగం పెంచే ప్రయత్నాలు

నరం వేగాన్ని పెంచడం మాత్రం ఎక్కువకాలం మొండికేసిన సమస్య. కెనడాలో టెస్సా గోర్డన్, మింగ్ చాన్ బృందం మణికట్టు ఆపరేషన్ అయిన వెంటనే నరానికి సెకనుకు ఇరవై సార్ల చొప్పున ఒక గంట పాటు స్వల్ప విద్యుత్తు ఇచ్చి చూసింది. అలా ఇచ్చినవాళ్లలో కదలిక తీగలు మరింత బాగా తిరిగి చేరాయని 2010లో ప్రకటించింది. తర్వాత వేళ్ల నరాల మీద, మోచేతి దగ్గర నలిగిన అల్నార్ మీద జరిగిన ప్రయోగాల్లోనూ ప్రోత్సాహకరమైన ఫలితాలే వచ్చాయి. ఒక గంట కరెంటు, తక్కువ ఖర్చు. పెద్ద ప్రయోగాలు ఇంకా నిర్ధారిస్తే ఇది జిల్లా ఆస్పత్రి దాకా రాగల చికిత్స.

దేనికీ లొంగని చేతులకు 2015లో వియన్నాకు చెందిన ఆస్కర్ అస్మన్ మరో మార్గం చూపాడు. ఏళ్ల క్రితం బ్రాకియల్ ప్లెక్సస్ పోయి, ఎన్నో ఆపరేషన్ల తర్వాతా చేయి స్పర్శా కదలికా లేకుండా మిగిలిన ముగ్గురు మగవాళ్లకు, ముంజేతిలో మిగిలిన కొద్ది సంకేతాలతో, అవసరమైన చోట నరమార్పిడితో, అమర్చిన కండరంతో ముందు యంత్రపు చేతిని నడపడం నేర్పించాడు. అది వచ్చాక వాళ్ల అంగీకారంతో నిర్జీవమైన చేతిని తొలగించి యంత్రపు చేతిని బిగించాడు. ముగ్గురూ మళ్లీ వస్తువులు పట్టుకోగలిగారు, రెండు చేతులతో చేసే పనులు చేసుకోగలిగారు.